మొక్కజొన్న సంచి మట్టిలో కలియునా?

పంచాయతీ కార్యాలయములకు ఇప్పుడొక క్రొత్త సరకు వచ్చుచున్నది. పచ్చని ఆకుబొమ్మ ముద్రించిన సంచిని వర్తకుడు బల్లపై పెట్టి, "ఇది ప్లాస్టిక్ కాదండీ, మొక్కజొన్నతో చేసింది. పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. గేదె తిన్నా భయం లేదు" అని చెప్పును. ధర అడిగినచో సాధారణమైన పాలిథీన్ సంచికి రెండింతలో మూడింతలో ఉండును. జాతర ముందున్నది, పాలిథీన్ సంచులను వాడనీయరాదని తీర్మానము చేసియున్నారు, వాని స్థానమున ఏదో ఒకటి సమకూర్పవలయును. పంచాయతీ నిధులనుండి ఈ సంచులను కొనవచ్చునా, కొన్నచో గ్రామమునకు నిజముగ మేలు కలుగునా అని సభ్యులు సందేహించుట సహజమే. అట్టి సందేహము గలవారికై ఈ వ్యాసము.

ముందుగా ఒక మాట చెప్పవలసియున్నది. ఈ క్రొత్త పదార్థములు వట్టి బూటకములు కావు. శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు శ్రమించి రూపొందించిన వస్తువులివి. తగిన పరిస్థితులలో ఇవి చివికి ఎరువులో కలియుట సత్యము. ఆ తగిన పరిస్థితులెట్టివి, అవి మన గ్రామములో కలవా అనునదే అసలు ప్రశ్న. వర్తకుడు చెప్పని భాగమిదియే.

పూసల దండ

ప్లాస్టిక్ అనునది పూసల దండ వంటిది. కంటికి కానరాని చిన్న చిన్న అణువులను వేలకొలది వరుసగా గ్రుచ్చినచో పొడవైన గొలుసు ఏర్పడును. ఆ గొలుసుల సముదాయమే సంచి, బిందె, కుర్చీ. ప్రకృతిలో గూడ ఇట్టి గొలుసులు కలవు. ప్రత్తి నూలు, పట్టు దారము, బియ్యపు గంజి - ఇవి యన్నియు గొలుసులే. కాని వీనికిని పాలిథీనునకును ఒక భేదము కలదు. గంజిలోని పూసలను ఊడదీయగల సూక్ష్మజీవులు కోట్ల సంవత్సరములుగా మట్టిలో కాపురమున్నవి. పాలిథీన్ అట్లు కాదు. దానిని 1933లో ఇంగ్లండులో మొదటిసారి తయారుచేసిరి. ఆ గొలుసును త్వరగా త్రెంపగల జీవులు మన పొలములలో లేవు. అందుచేతనే తాతగారి కాలమునాటి గోనెసంచి ఆనవాలు లేకుండ పోయినను, నిన్నటి చక్కెర కవరు చెరువుగట్టున చెక్కు చెదరక యుండును.

మొక్కలనుండి ప్లాస్టిక్ చేయుట నేటి ఆలోచన కాదు. నిజమునకు ప్లాస్టిక్ చరిత్ర మొక్కతోనే ఆరంభమైనది. 1862లో లండను ప్రదర్శనమున అలెగ్జాండర్ పార్క్స్ అనునాతడు ప్రత్తి నారనుండి తయారైన గట్టి పదార్థమును ప్రదర్శించెను. కొలది సంవత్సరములకే అమెరికాలో జాన్ హయట్, బిలియర్డు బంతులకై ఏనుగు దంతమునకు బదులుగా సెల్యులాయిడును రూపొందించెను. 1926లో ఫ్రాన్సులోని పాశ్చరు సంస్థయందు మారిస్ లెమాయిన్ మరియొక వింతను కనుగొనెను. ఒక జాతి సూక్ష్మజీవి, మనము గాదెలో ధాన్యము దాచుకొనునట్లు, తన దేహమున ప్లాస్టిక్ వంటి పదార్థమును దాచుకొనుచుండెనట! పెట్రోలియము చౌకగా లభించుటచే అటుపిమ్మట ఈ పరిశోధనలు మూలబడినవి.

నేడు బజారులో మొక్కజొన్న ప్లాస్టిక్ అని చెప్పబడు వానిలో ముఖ్యమైనది పాలీ లాక్టిక్ ఆమ్లము, దీనినే పి.ఎల్.ఎ. అందురు. పేరు కఠినముగ నున్నను సంగతి మన వంటింటిలోనిదే. పాలకు తోడు వేసినచో పులియును గదా. ఆ పులుపే లాక్టిక్ ఆమ్లము. మొక్కజొన్న పిండిని, లేక చెరకు రసమును చక్కెరగా మార్చి, పెరుగును తోడుపెట్టునట్టి సూక్ష్మజీవులచే పులియబెట్టి, ఆ పులుపును వేరుచేసి, దాని అణువులను పూసలవలె గ్రుచ్చినచో పి.ఎల్.ఎ. తయారగును. శస్త్రచికిత్స పిమ్మట శరీరములో తమంత తామే కరిగిపోవు కుట్లను వైద్యులు 1970 దశాబ్దమునుండి వాడుచున్నారు. వానిలో కొన్ని ఈ జాతి పదార్థముతో చేసినవే. పెద్దయెత్తున దీని తయారీ 2002 ప్రాంతమున అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రములో, మొక్కజొన్న పొలముల నడుమ, ఆరంభమైనది.

పుట్టుక వేరు, గతి వేరు

ఇచ్చట సభ్యులు ఒక భేదమును చక్కగా గ్రహింపవలయును. ఒక వస్తువు మొక్కనుండి పుట్టినదా అనునది ఒక ప్రశ్న; అది మట్టిలో చివుకునా అనునది వేరొక ప్రశ్న. మొదటిదానికి అవునని సమాధానము వచ్చినంతమాత్రమున రెండవదానికిని అవునని తలపరాదు.

ఉదాహరణకు ఆముదమును తీసికొందము. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతముల రైతులకు ఆముదపు పంట చిరపరిచితము. ప్రపంచమున ఆముదములను అత్యధికముగ పండించు దేశము మనదే. ఈ నూనెనుండి నైలాన్ 11 అను ప్లాస్టిక్‌ను చేయు పద్ధతిని 1940 దశాబ్దములో ఫ్రాన్సు దేశమువారు కనిపెట్టిరి. లారీల బ్రేకు గొట్టములకు, ఇంధనపు గొట్టములకు దానిని వాడుదురు. అది నూటికి నూరుపాళ్ళు మొక్కనుండి వచ్చినదే. కాని దానిని పాతిపెట్టినచో చివుకదు. చివుకకుండుటే దాని గొప్పతనము. చివికిపోవు బ్రేకు గొట్టము ఎవరికి కావలయును? అటులనే బ్రెజిల్ దేశములో ఒక కర్మాగారమువారు 2010నుండి చెరకు సారాయమును పాలిథీనుగా మార్చుచున్నారు. దాని సామర్థ్యము మొదట ఏటా 2 లక్షల టన్నులు. పెట్రోలియముతో చేసిన పాలిథీనుకును దీనికిని గుణములో భేదము లేదు. చెరకునుండి పుట్టినదైనను ఆవు కడుపులో అదియు ముద్దగనే పేరుకొనును.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము కూడ కలదు. పి.బి.ఎ.టి. అను పదార్థమును సామాన్యముగ పెట్రోలియమునుండియే చేయుదురు. ఐనను అది కంపోస్టు కుప్పలో చివుకును. వట్టి పిండితో చేసిన సంచి వానకు తడిసి పాయసమగును, వట్టి పి.ఎల్.ఎ. పెళుసుగ నుండి చిరుగును. అందుచేత నేడు వచ్చుచున్న మెత్తని "మొక్కజొన్న సంచులలో" పెక్కింటియందు ఈ పి.బి.ఎ.టి. కలిసియుండును. ఇది తప్పు కాదు, మోసము కూడ కాదు. మొక్కజొన్న అను మాటకు మనము ఎంత విలువ నీయవలయునో తెలియుటకై చెప్పుచున్నాము.

తిరుమల క్షేత్రమున 2021 ఆగస్టులో ఇట్టి సంచుల విక్రయ కేంద్రము ప్రారంభమైన సంగతి పాఠకులలో పలువురెరుగుదురు. రక్షణ పరిశోధన సంస్థవారి హైదరాబాదు ప్రయోగశాల రూపొందించిన ఆ సంచులు 90 దినములలో శిథిలమగునని ఆ సంస్థవారు తెలిపిరి. లడ్డూ ప్రసాదమును అందులో తెచ్చుకొన్న యాత్రికుడు ఇంటికి వచ్చి ఆ సంచిని ఎక్కడ పారవేయుచున్నాడు? సంచి గతి తిరుమలలో గాక, ఆ యాత్రికుని ఊరిలో నిర్ణయమగును.

కుప్పలోని వేడి

కంపోస్టు ప్లాస్టిక్ అని పిలువదగిన వస్తువునకు అంతర్జాతీయముగ ఒక ప్రమాణము కలదు. మన దేశమున దానిని ఐ.ఎస్. 17088 అందురు. ఆ పరీక్ష ప్రకారము వస్తువును కంపోస్టుతో కలిపి ఉంచినచో, 12 వారముల పిమ్మట 2 మిల్లీమీటర్ల కన్నులుగల జల్లెడ పట్టినపుడు దానిలో పదవవంతుకు మించి మిగులరాదు. 180 దినములలోపల అందలి కర్బనములో నూటికి 90 పాళ్ళు బొగ్గుపులుసు వాయువుగా మారవలయును. మిగిలిన ఎరువు పైరుకు హాని చేయరాదు. ఇవి కఠినమైన నియమములే. కాని వస్తువు చివుకు పరీక్షను సుమారు 58 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో, తగిన తేమ నుంచి జరుపుదురు. మన మే నెల ఎండ 45 డిగ్రీలు. అదియు పొడి వేడి. పి.ఎల్.ఎ. మెత్తబడి విడివడుటకు 55, 60 డిగ్రీల వేడియు, నీరును రెండును కావలయును. కావున రోడ్డు ప్రక్కన గాని, కాలువలో గాని, ఎండిన చెత్తదిబ్బపై గాని పడిన కంపోస్టు సంచి, ప్రమాణమునకు సరిపోయినదైనను, నెలల తరబడి సంచిగనే పడియుండవచ్చును.

ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయమువారు ఈ విషయమును స్వయముగ పరీక్షించిరి. నానావిధములైన సంచులను మట్టిలో పాతిపెట్టి, సముద్రములో ముంచి, ఆరుబయట వ్రేలాడదీసి మూడు సంవత్సరములు కనిపెట్టి, ఫలితములను 2019లో ప్రకటించిరి. "జీర్ణమగును" అని ముద్ర గల ఒక సంచి మూడేండ్లు మట్టిలో నున్న పిమ్మట గూడ బజారు సామానును మోయగలిగెను! కంపోస్టు సంచి సముద్రములో మూడు నెలలకే మాయమయ్యెను. మట్టిలో మాత్రము 27 నెలల పిమ్మటను కనబడెను, కాని బరువు మోయలేక చినిగెను. 2022లో లండను శాస్త్రజ్ఞులు ప్రకటించిన మరియొక పరిశోధనలో, ఇంటి పెరటి కంపోస్టునకు పనికివచ్చునని ధ్రువీకరింపబడిన వస్తువులలోనే నూటికి 60 వంతులు గృహస్థుల కుప్పలలో పూర్తిగ చివుకలేదని తేలినది.

ఐనచో మన పల్లెలలో ఇది అసాధ్యమా? కాదు. మనము ఈ విషయమున పట్టణములవారికంటె అదృష్టవంతులము. పేడ మనవద్ద నున్నది, ఆకు అలము ఉన్నది, స్థలమున్నది. వేడి కుప్ప వేయు విద్యయు మన దేశమున క్రొత్తది కాదు. ఆల్బర్ట్ హోవర్డు దొరగారు 1924 మొదలు 1931 వరకు ఇందూరులో పనిచేసి ఇందూరు పద్ధతిని స్థిరపరచిరి. 1939లో బెంగుళూరున సి. ఎన్. ఆచార్యగారు మరియొక పద్ధతిని రూపొందించిరి. మూసిన గుంటలో చెత్తను కదపకుండ ఉంచుట బెంగుళూరు పద్ధతి. గాలి తగులునట్లు కుప్ప పోసి పలుమారులు తిరుగవేయుట ఇందూరు పద్ధతి. కంపోస్టు ప్లాస్టిక్‌నకు తిరుగవేయు కుప్పయే తగినది. గాలి తగిలినప్పుడే సూక్ష్మజీవులు విజృంభించి వేడి పుట్టించును.

కుప్ప ఎత్తు, వెడల్పు మూడేసి అడుగులకు తగ్గినచో వేడి నిలువదు. ఎండుటాకు, గడ్డి ఒక పొరగను, పచ్చిచెత్త, వంటింటి చెత్త మరియొక పొరగను వేసి నడుమనడుమ పేడనీళ్ళు చల్లవలయును. గుప్పెడు తీసి పిండినచో చుక్కో రెండు చుక్కలో నీరు రావలయును. ధార వచ్చినచో తడి ఎక్కువ, ఏమియు రానిచో తక్కువ. ధర్మామీటరు లేకున్నను చింత లేదు. ఇనుప చువ్వను కుప్ప నడుమకు గ్రుచ్చి కొంతసేపుంచి పైకి తీసి పట్టుకొనిచూడవలయును. చేతితో పట్టుకొనలేనంత వేడిగ నున్నచో కుప్ప చక్కగ పనిచేయుచున్నట్లే. కొన్ని దినములకు వేడి తగ్గును. అప్పుడు లోపలిది పైకి, పైది లోపలికి తిరుగవేసినచో మరల వేడెక్కును. పలుచని కంపోస్టు సంచిని చింపి ముక్కలు చేసి ఇట్టి కుప్ప నడుమ వేసినచో ఫలించు అవకాశమెక్కువ. ఎరువును జల్లెడ పట్టునపుడు మిగిలిన పేలికలను తరువాతి కుప్పలో వేయవలెను. మందమైన పి.ఎల్.ఎ. చెంచాలు, గిన్నెలు మాత్రము గ్రామపు కుప్పలో చివుకునని ఆశింపరాదు. అవి యంత్రములతో నడుచు పెద్ద కంపోస్టు కర్మాగారములకు తగినవి.

ఇచ్చట ఒక పొరపాటునకు అవకాశము కలదు. నేడు అనేక పంచాయతీలయందు షెడ్డు కట్టి వానపాముల ఎరువు తయారుచేయుచున్నారు. అది మంచి పనియే. కాని వానపాము చల్లదనము కోరును. 35 డిగ్రీలు దాటినచో బ్రతుకుట కష్టము. సంచి చివుకుటకు 58 డిగ్రీలు కావలయును. ఈ రెంటికి పొత్తు కుదరదు. కంపోస్టు సంచులను వానపాముల తొట్టెలో వేసి, చివుకలేదని సంచిని నిందించుట న్యాయము కాదు. మొదట వేడి కుప్ప. అది చల్లారిన పిదప, కావలసినచో, వానపాములు.

ఇక పశువుల మాట. వర్తకుడు చెప్పినట్లు గేదె తిన్నను భయము లేదనుట నమ్మదగినది కాదు. ఐ.ఎస్. 17088 కంపోస్టు కుప్పలో చివుకుటకు సంబంధించిన ప్రమాణమే గాని దాణాకు సంబంధించినది కాదు. ఆవుల కడుపులనుండి పదుల కిలోల ప్లాస్టిక్ వెలికి తీయవలసివచ్చిన సంఘటనల దృష్ట్యా, పుట్టపర్తికి చెందిన కరుణా సొసైటీవారు 2012లో సర్వోన్నత న్యాయస్థానమును ఆశ్రయించిరి. అన్నము మూటగట్టి పారవేసిన సంచి ఏదైనను పశువును ఆకర్షించును. సంచి మారినంతమాత్రమున అలవాటు మారకున్నచో ప్రమాదము పోదు.

చట్టమేమి చెప్పుచున్నది

2016 సంవత్సరపు ప్లాస్టిక్ వ్యర్థముల నిర్వహణ నియమములు మొదటిసారిగ గ్రామ పంచాయతీలకు ఈ బాధ్యతను అప్పగించినవి. అంతకుముందున్న 2011 నియమములు ప్రధానముగ పురపాలక సంఘములకు సంబంధించినవి. నేడు ప్లాస్టిక్ చెత్తను వేరుగ సేకరించి, మరల ఉపయోగపడు దానిని తగిన వారికి చేర్చుట, ప్రజలకు తెలియజెప్పుట, బహిరంగముగ తగులబెట్టకుండ చూచుట పంచాయతీ విధులు. 2021 ఆగస్టులో సవరించిన నియమముల ప్రకారము 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, పీల్చు గొట్టములు, పుల్లలు, అలంకరణ థర్మోకోలు మొదలగునవి నిషేధింపబడినవి. చేతిసంచి మందము 120 మైక్రానులకు తగ్గరాదను నియమము 2022 డిసెంబరు 31 నుండి అమలులోనికి వచ్చినది. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవవంతు.

కంపోస్టు ప్లాస్టిక్‌నకు ఈ మందపు నియమము వర్తింపదు. ఈ మినహాయింపునందే చిక్కు వచ్చుచున్నది. పలుచని పాలిథీను మీద ఆకుబొమ్మ ముద్రించి, కంపోస్టు అని వ్రాసినచో చూచువారికి భేదము తెలియదు. కావున కొనుటకు ముందు సంచిపై తయారుచేసినవారి పేరు, కంపోస్టు ప్లాస్టిక్ అను ముద్ర, ఐ.ఎస్. 17088 అను సంఖ్య, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రపు సంఖ్య ఉన్నవో లేవో చూడవలెను. ఆ మండలి ధ్రువపత్రము లేనిదే కంపోస్టు సంచిని అమ్మరాదు. ధ్రువపత్రపు ప్రతిని అడిగి తీసికొని ఫైలులో నుంచుట పంచాయతీ కార్యదర్శిగారి పని. ప్రతి నిచ్చుటకు వర్తకుడు వెనుదీసినచో బేరము అంతటితో ఆపుట మేలు.

బల్లపై చేయదగిన ఒక చిన్న పరీక్ష కూడ కలదు. సంచినుండి రూపాయి నాణెమంత ముక్కను కత్తిరించి, చిటికెడు సబ్బు కలిపిన నీటిలో ముంచి, అంటుకొన్న గాలి బుడగలు పోవునట్లు వ్రేళ్ళతో రుద్ది వదలవలెను. పాలిథీను నీటికంటె తేలిక, పైకి తేలును. పి.ఎల్.ఎ., పి.బి.ఎ.టి. నీటికంటె బరువు, మునుగును. ముక్క తేలినచో అది కంపోస్టు సంచి కాదని తలపవచ్చును. మునిగినంతమాత్రమున నిజమైనదని మాత్రము నిర్ణయింపరాదు. సుద్దపొడి ఎక్కువగ కలిపిన పాలిథీను కూడ మునుగవచ్చును. మునిగెడు ఇతర ప్లాస్టిక్‌లును కలవు. దోషిని పట్టుటకు ఈ పరీక్ష చాలును గాని నిర్దోషియని చెప్పుటకు చాలదు.

"ఆక్సో" అను పేరుతో మరియొక రకము ప్రచారములో నున్నది. ఇది సాధారణ పాలిథీనే. ఎండకు త్వరగా పొడిపొడియగునట్లు ఒక రసాయనమును కలుపుదురు. పొడియగుట చివుకుట కాదు. కంటికి కనబడు ప్లాస్టిక్ కనబడని ప్లాస్టిక్‌గా మారి పొలములో కలియును. యూరపు దేశముల కూటమి 2021నుండి దీనిని నిషేధించినది. ఉచితముగ నిచ్చినను తీసికొనవలదని మా అభిప్రాయము.

మిలాను నగరము, మన జాతర

ఈ సంచులు సత్ఫలితము నిచ్చిన చోటు ఏదియు లేదా అని అడుగవచ్చును. కలదు. ఇటలీ దేశము 2011లో చివుకని పలుచని సంచులను నిషేధించి కంపోస్టు సంచులకు దారి తీసినది. ఆ దేశమున మిలాను నగరమువారు 2012 చివరనుండి ఇంటింట అన్నపు చెత్తను వేరుగ సేకరించుట ఆరంభించి, 2014 నాటికి 13 లక్షల జనాభా గల నగరమంతటికి విస్తరింపజేసిరి. గృహిణి వంటింటి చెత్తను కంపోస్టు సంచిలో వేసి ఇచ్చును. సంచితో కూడ అది ఎరువు కర్మాగారమునకు పోవును. సంచిని విప్పి చెత్తను వేరుచేయు శ్రమ లేదు, చేతికి మురికి లేదు, ఎరువులో ప్లాస్టిక్ పేలికలు తగ్గును. అచ్చట సంచి పాత్ర చెత్తను మోయుటయే. సేకరణ ఏర్పాటు, ఎరువు ఏర్పాటు ఉన్న చోట సంచి వచ్చి చేరినది. సంచిని చూచి అవి వచ్చినవి కావు.

మన జాతరకు ఈ లెక్కను అన్వయించి చూడుడు. వచ్చినవారికి కంపోస్టు సంచులు పంచి, చెత్తను ఎప్పటివలె ఒకే ట్రాక్టరులో ఊరి వెలుపలకు తోలి, రాత్రి నిప్పు పెట్టినచో పంచాయతీ పెట్టిన అదనపు ధర అంతయు పొగయగును. పాత సామాను కొనువారికి పోవలసిన మంచి ప్లాస్టిక్‌లో ఈ సంచులు కలిసినచో ఆ ప్లాస్టిక్ గూడ చెడును. కాని అన్నదానము జరుగు చోట మాత్రము పెద్ద తొట్టెలకు కంపోస్టు సంచులను తొడిగి, ఎంగిలి ఆకులను, మెతుకులను అందులో నింపి, తిన్నగ వేడి కుప్పకు చేర్చినచో పెట్టిన పైకమునకు ప్రతిఫలముండును. సంచులు వందలు చాలును, వేలు అక్కరలేదు.

పళ్ళెముల విషయమున మనకు విదేశీయుల ఉపదేశము అవసరము లేదు. మోదుగాకు విస్తరి, అడ్డాకు విస్తరి, అరటియాకు, తాటియాకు దొన్నె - ఇవి 58 డిగ్రీలు కోరవు, ధ్రువపత్రము కోరవు. పేడకుప్పలో పడినను, చేను గట్టున పడినను చివుకును. గేదె తిన్నను నిజముగనే భయము లేదు. అడ్డాకు సేకరించి కుట్టుట శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ మన్యములలో గిరిజన కుటుంబములకు జీవనాధారము కూడ. పంచాయతీవారు మొక్కజొన్న పళ్ళెములకు పెట్టు పైకమును వీరికి చేర్చినచో రెండు విధముల లాభము. కాని ఇందును ఒక జాగ్రత్త వహింపవలయును: అడుగున పలుచని ప్లాస్టిక్ పొర అంటించిన విస్తళ్ళు బజారులోనికి వచ్చినవి. అంచును చింపి చూచినచో పొర బయటపడును. కాగితపు టీ గ్లాసులలో పెక్కింటికి లోపల ఇదే పొర యున్నది.

ముందు రోజులలో

ప్రపంచమున ఏటా తయారగు ప్లాస్టిక్ 40 కోట్ల టన్నులకు మించినది. మొక్కల ప్లాస్టిక్, చివుకు ప్లాస్టిక్ రెండును కలిపి చూచినను 2024 నాటి తయారీ సామర్థ్యము సుమారు 25 లక్షల టన్నులు. అనగా నూటికి ఒకటియు కాదు. ఐనను పెరుగుచున్నది. మన దేశముననే ఉత్తరప్రదేశ్‌లోని కుంభి వద్ద బలరాంపూర్ చక్కెర మిల్లులవారు చెరకునుండి పి.ఎల్.ఎ. తయారుచేయు కర్మాగారమును నిర్మింపనున్నట్లు 2024లో ప్రకటించిరి. అప్పుడు ప్రకటించిన సామర్థ్యము ఏటా 75,000 టన్నులు. చెరకు, మొక్కజొన్న పండించు రైతునకు ఇది క్రొత్త గిరాకి కావచ్చును. అయితే మొక్కజొన్నకు కోళ్ళదాణావారు, ఇథనాలువారు ఇప్పటికే పోటీపడుచున్నారు. తిండిగింజను సంచిగా మార్చుట ఎంతవరకు తగును అను ప్రశ్న మున్ముందు రాక తప్పదు. చెరకు పిప్పి, వరిగడ్డి వంటి వానినుండి ఈ ప్లాస్టిక్‌ను చౌకగా చేయు మార్గము దొరికిననాడు ఆ చిక్కు వీడును, పరిశోధనలు జరుగుచున్నవి.

గ్రామములకు వీనివలన కలుగదగిన అసలు మేలు సంచులలో గాక, పొలములో నున్నదని మా ఉద్దేశము. మిరప, పుచ్చ, టమాటా తోటలలో నేడు మల్చింగు షీటు పరచుట సామాన్యమైనది. కలుపు తగ్గును, నీరు ఆదా యగును. పంట తీసిన పిదప ఆ పలుచని షీటు మట్టి పట్టి పేలికలై చేతికి రాదు. కొందరు దున్నివేయుదురు, కొందరు గట్టున పోసి కాల్చుదురు. ఏటేట ఆ పేలికలు భూమిలో పేరుకొనుచున్నవి. పాతసామానువారు గూడ దీనిని కొనరు. చివుకు షీటు ఇట్టి చోటికే తగినది. దీనికి యూరపులో 2018లో ప్రత్యేకముగ ఒక ప్రమాణమును ఏర్పరచిరి. కుప్ప వేడి అక్కరలేకయే, పొలపు మట్టిలోనే, రెండు సంవత్సరములలోపల నూటికి 90 పాళ్ళు చివుకవలయునని ఆ ప్రమాణపు నియమము.

అట్టి షీటును ఎవరైన తెచ్చి చూపినచో, కంపోస్టు ప్రమాణమా, మట్టి ప్రమాణమా అని మొదట అడుగవలెను. రెండును ఒకటి కావు. ధర అధికము గనుక తోట అంతటను పరచక, వ్యవసాయ విస్తరణాధికారిగారి సలహాతో రెండు సాళ్ళలో పరచి చూచుట యుక్తము. పంట తీసిన పిదప దున్ని, ఒక మూల పాత షీటు ముక్కను, మరియొక మూల ఈ షీటు ముక్కను నైలాను వలసంచులలో జానెడు లోతున పాతి, ఆనవాలుకు కర్రలు నాటి, ఆరు నెలలకొకసారి త్రవ్వి తీసి గ్రామసభలో బల్లపై ప్రక్కప్రక్కన పెట్టవచ్చును.